పీ0171: సెన్సార్ మార్చినా ఆరని లైటు (ప్రాజెక్టు డైరీ, విజయవాడ)

చెక్ ఇంజన్ లైటు మొదటిసారి ఫిబ్రవరిలో వెలిగింది. ఒక గ్యారేజీలో స్కానర్ పెట్టి పీ0171 (మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అనే లోపం కోడు) అని చూశారు. "ఆక్సిజన్ సెన్సార్ పోయిందండి" అని కొత్తది బిగించారు. పొగ గొట్టంలో ఉండి, మండాక ఎంత ఆక్సిజన్ మిగిలిందో చెప్పేది అదే. సెన్సార్ 2,900, మజూరీ 500. పదహారు రోజులకు మళ్ళీ అదే లైటు, అదే కోడు. అక్కణ్ణుంచి ఈ డైరీ మొదలుపెట్టాను. నేను మెకానిక్కుని కాదు. కానీ ప్రతి రీడింగూ రాసిపెట్టుకున్నాను. ఇదే కోడుతో తిరుగుతున్నవాళ్ళకు కొన్ని ఆదివారాలు మిగిలినా చాలు.

బండి: 2014 మోడల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్, నాలుగు సిలిండర్లు, పెట్రోలు, 94,000 కిలోమీటర్లు. ఇంజన్లోకి వెళ్ళే గాలిని లెక్కగట్టడానికి ఇందులో మ్యాప్ సెన్సార్ ఉంది, మ్యాఫ్ కాదు. మ్యాఫ్ అయితే ఎంత గాలి వెళుతోందో నేరుగా కొలుస్తుంది. మ్యాప్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) లోపలి ప్రెషర్ చూపిస్తుంది, దాన్నిబట్టి గాలిని ఈసీయూ (ఇంజన్ను నడిపే కంప్యూటర్) లెక్కేసుకుంటుంది. మీ బండిలో ఏది ఉందో ముందు తెలుసుకోండి. ఆ తేడా పట్టించుకోకపోవడం వల్లే రెండో దశ మొత్తం వృథా అయింది.

పనిముట్లు: ఈఎల్‌ఎం 327 బ్లూటూత్ అడాప్టర్ (850 రూపాయలు), ఫోన్లో స్కానర్ యాప్, మల్టీమీటర్, సాకెట్ సెట్టు, టార్క్ రెంచ్, బ్లో టార్చ్, వెనకనుంచి గాలి ఊదే వీలున్న పాత వాక్యూమ్ క్లీనర్, స్ప్రే బాటిల్. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్ 4 కార్లకు ఓబీడీ (బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడుగా చెప్పే ఏర్పాటు) రెండో దశ తప్పనిసరి అయింది కాబట్టి, ఆ తర్వాతి కార్లను చాలావరకు ఇలాంటి అడాప్టర్‌తో చదవొచ్చు.

ఇప్పటిదాకా ఖర్చు: 3,400 + 850 = 4,250

దశ 1: కోడు చదవడం (మే 10, ఆదివారం)

మొదటి తప్పు మొదటి పది నిమిషాల్లోనే జరిగింది. కోడు కనిపించగానే చెరిపేశాను, మళ్ళీ వస్తుందో రాదో చూద్దామని. కోడుతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోయింది. కోడు పడిన క్షణంలో ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎంత ఆర్‌పీఎంలో ఉంది, బండి కదులుతోందా ఆగి ఉందా అనేవన్నీ ఈసీయూ అందులో దాచిపెడుతుంది. కోడుకంటే విలువైన సమాచారం అదే. దానికోసం ఇంకో నాలుగు రోజులు తిరగాల్సొచ్చింది.

సరైన వరస ఇది:

1. కోడు రాసుకోండి. పెండింగ్ కోడ్లు (ఇంకా ఖరారు కానివి) ఉంటే అవీ రాసుకోండి.
2. ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి.
3. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఈసీయూ పెట్రోలుకు చేసే సవరణలు) మూడు నాలుగు పరిస్థితుల్లో రాసుకోండి.
4. చెరపడం అన్నిటికన్నా ఆఖర్న.

పీ అంటే ఇంజను, గేర్‌బాక్సుల వర్గం. తర్వాతి 0 అన్ని కంపెనీలకూ ఒకే అర్థం ఉన్న కోడని, ఆ తర్వాతి 1 గాలి, పెట్రోలు లెక్కకు సంబంధించిందని. పీ వర్గంలో మనకు కావలసినవి:

- పీ0130 నుంచి పీ0135: క్యాటలిటిక్ కన్వర్టర్‌కు (పొగను శుద్ధి చేసే భాగం) ముందున్న ఆక్సిజన్ సెన్సార్. వరసగా సర్క్యూట్ లోపం, ఓల్టేజీ తక్కువ, ఓల్టేజీ ఎక్కువ, స్పందన నెమ్మది, అసలు కదలిక లేదు, హీటర్ సర్క్యూట్ లోపం.
- పీ0136 నుంచి పీ0141: కన్వర్టర్ తర్వాతి సెన్సార్. అర్థాలు అదే వరసలో.
- పీ0171: మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ (లీన్). పీ0172 దానికి తిరగేసింది (రిచ్).
- పీ0420: కన్వర్టర్ పనితనం తగ్గింది.

జాబితాను ఇంకోసారి చూడండి. సెన్సార్ మీద నేరుగా అనుమానం చూపించే కోడ్లు 0130 వరసలో ఉన్నాయి. నా కోడు 0171. "మిశ్రమం లీన్‌గా ఉందని నాకు కనపడుతోంది, పెట్రోలు పెంచీ పెంచీ నా హద్దు దాటింది" అని ఈసీయూ చెబుతోంది. సెన్సార్ చెడిపోయిందని అది ఎక్కడా అనలేదు.

మే 14న లైటు మళ్ళీ వచ్చింది. ఫ్రీజ్ ఫ్రేమ్: కూలంట్ 89 డిగ్రీలు, 752 ఆర్‌పీఎం, వేగం సున్నా. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెలిగింది.

ఇక ట్రిమ్‌లు. షార్ట్ టర్మ్ ట్రిమ్ అప్పటికప్పుడు చేసే సవరణ, లాంగ్ టర్మ్ ట్రిమ్ అలవాటుగా మారిన సవరణ. రెండూ కలిపి చూడాలి. ప్లస్ అంటే ఈసీయూ పెట్రోలు పెంచుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది. మొత్తం అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే మామూలుగా కంగారు పడక్కర్లేదు.

- ఐడిల్ (ఆగి ఉండి, యాక్సిలరేటర్ తొక్కకుండా), ఏసీ లేకుండా: షార్ట్ +5.5, లాంగ్ +18.8. మొత్తం +24.3
- ఐడిల్, ఏసీ వేసి: +2.3, +14.8. మొత్తం +17.1
- న్యూట్రల్లో 2,500 ఆర్‌పీఎం: +2.3, +9.4. మొత్తం +11.7
- రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం: +1.6, +7.8. మొత్తం +9.4

ఇంజన్ మీద పని పెరిగేకొద్దీ తేడా తగ్గుతోంది. ఆ రోజు ఈ నాలుగు వరసలూ రాసుకున్నాను కానీ అందులో ఏముందో చదవలేదు.

దశ 2: గాలి లీకు వేట, రెండు ఆదివారాలు (మే 17, 24)

ఐడిల్‌లో ట్రిమ్ ఎక్కువ, ఆర్‌పీఎం పెంచితే తక్కువ అంటే ఇన్‌టేక్ వైపు గాలి లీకు అని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. నేనూ అదే పట్టుకున్నాను.

1. థ్రాటిల్ బాడీ (ఇంజన్లోకి గాలిని వదిలే ద్వారం) విప్పి కడిగాను, గ్యాస్కెట్ కొత్తది వేశాను. (క్లీనర్ 320, గ్యాస్కెట్ 180)
2. పీసీవీ హోస్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరిని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) గట్టిపడి ఉంటే మార్చాను. (240)
3. చిన్న రబ్బరు పైపు ఒక చివర చెవి దగ్గర, ఇంకో చివర ప్రతి జాయింట్ దగ్గర పెట్టి గాలి పీల్చే చప్పుడు కోసం విన్నాను. క్లీనర్ స్ప్రే కొట్టి చూసే పద్ధతి ఒకటుంది, నేను వాడలేదు. వేడి ఇంజన్ మీద అది భగ్గున అంటుకుంటుంది.

ఫలితం: +24.3 కాస్తా +23.5 అయింది. ఏమీ మారనట్టే లెక్క.

ఇప్పటిదాకా ఖర్చు: 4,250 + 740 = 4,990

రెండో ఆదివారం సాయంత్రం మ్యాప్ రీడింగు తీసి చూశాను. ఈ పని మొట్టమొదటే చేయాల్సింది. తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే 100 కిలోపాస్కల్, అంటే బయటి గాలి ప్రెషర్. వేడి ఇంజన్ ఐడిల్‌లో 32. ఆర్‌పీఎం 750 దగ్గర కదలకుండా ఉంది. నిజంగా గాలి లీకుంటే ఎలా ఉంటుందో చూద్దామని కావాలనే ఒక సన్న వాక్యూమ్ పైపు ఊడదీశాను. మ్యాప్ 32 నుంచి 41కి, ఆర్‌పీఎం 1,150కి ఎగబాకాయి. ట్రిమ్ కొన్ని సెకన్లు అటూ ఇటూ ఊగి దాదాపు పాత చోటికే వచ్చింది.

కారణం తేలిక. మ్యాఫ్ బండిలో లీకైన గాలి సెన్సార్‌ను తప్పించుకుని లోపలికి వస్తుంది, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. అందుకే మిశ్రమం లీన్ అయి ట్రిమ్ పెరుగుతుంది. మ్యాప్ బండిలో లీకైన గాలి కూడా మ్యానిఫోల్డ్ ప్రెషర్ పెంచుతుంది. ఈసీయూ దాన్ని చూసి తగిన పెట్రోలు వేసేస్తుంది. లీకు ముందు పెరిగిన ఐడిల్‌గా బయటపడుతుంది. నేను చదివిన సలహా మ్యాఫ్ బండ్లది, నా బండికి పనికిరాలేదు.

దశ 3: సెన్సార్ అబద్ధం చెబుతోందా? (మే 25 నుంచి 30)

నా బండిలోది మామూలు జిర్కోనియా సెన్సార్. 0.1 ఓల్టు దగ్గరుంటే పొగలో ఆక్సిజన్ మిగిలి ఉందని, 0.9 దగ్గరుంటే మిగల్లేదని. వేడి ఇంజన్లో ఈ రెంటి మధ్య ఊగుతూ ఉండాలి.

పరీక్ష ఒకటి, రోడ్డు మీద. రోహిణీ కార్తె మొదలైంది, రోళ్ళు పగిలే ఎండలు. అందుకని తెల్లవారుజామున అయిదున్నరకు రామవరప్పాడు రింగ్ దాటి గన్నవరం వైపు వెళ్ళాం. పక్క సీట్లో ఫోను పట్టుకుని మా మేనల్లుడు. బండి నడుపుతూ స్క్రీన్ చూడకండి, ఇంకొకరిని తీసుకెళ్ళండి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు రెండో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను.

"మావయ్యా, పాయింట్ ఎనిమిదీ ఆరు. అక్కడే నిలబడింది."

కాలు తీసేశాను.

"పడిపోయింది, పాయింట్ సున్నా నాలుగు."

ఫుల్ థ్రాటిల్‌లో 0.86 అంటే ఇంజన్ ఎక్కువగా అడిగినప్పుడు కూడా పెట్రోలు చాలినంత వస్తోంది. పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్ల మీద అనుమానం అక్కడికి తీరిపోయింది. పెట్రోలు సరిపోకపోతే లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరగాలి, నాకు తగ్గుతోంది. కాలు తీయగానే ఇంజెక్టర్లు ఆగిపోతాయి, పైపులో వట్టి గాలి వెళుతుంది. అప్పుడు సున్నా దగ్గరికి పడిందంటే సెన్సార్ రెండు కొసలూ చూడగలుగుతోందన్నమాట.

పరీక్ష రెండు, గ్యారేజీలో తీసేసిన పాత సెన్సార్ మీద. అడిగి తెచ్చుకోవడం మంచిదైంది. వైస్‌లో బిగించి, సిగ్నల్ వైర్లకు మల్టీమీటర్ తగిలించి, కొనను బ్లో టార్చ్ మంటలో పెట్టాను. ముప్పై సెకన్లు ఏమీ లేదు. కొన ఎర్రబడ్డాక అంకె కదిలింది: 0.2, 0.5, 0.81. మంట తీయగానే రెండు సెకన్లలో 0.1కి దిగింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎక్కింది. చల్లారాక హీటర్ రెసిస్టెన్స్ చూస్తే 6.8 ఓమ్‌లు. సెన్సార్ నిక్షేపంలా ఉంది. ఆ 3,400 ఖర్చు పెట్టకుండానే ఉండాల్సింది.

మూడోది స్పార్క్ ప్లగ్గులు. అసలు దారి చూపించింది ఇదే. కోడు లీన్ అంటోంది కదా, పింగాణీ తెల్లగా పాలిపోయి ఉంటుందనుకుని విప్పాను. నాలుగూ నల్లగా ఉన్నాయి. తడి లేదు, నూనె లేదు, వేలితో తుడిస్తే పెనం అడుగు మసిలా పొడిగా అంటుకుంది. మైలేజీ కూడా ఊళ్ళో 16 నుంచి 13కి పడిపోయింది. అంటే సిలిండర్లో పెట్రోలు తక్కువ కాదు, ఎక్కువే మండుతోంది. సెన్సార్ మాత్రం ఆక్సిజన్ చూస్తోంది. ఇద్దరూ నిజమే చెబుతుంటే, ఆ ఆక్సిజన్ సిలిండర్లోంచి రావడం లేదు. సిలిండర్‌కీ సెన్సార్‌కీ మధ్య ఎక్కడో బయటినుంచి చేరుతోంది.

మిస్‌ఫైర్ (సిలిండర్లో మిశ్రమం అంటుకోకపోవడం) ఉన్నా సెన్సార్‌కు లీన్‌గానే కనిపిస్తుంది, మండని ఆక్సిజన్ అలాగే బయటికి వస్తుంది కాబట్టి. నా బండిలో మిస్‌ఫైర్ కోడు లేదు, ఐడిల్‌లో కుదుపూ లేదు.

ఖర్చు మారలేదు: 4,990

దశ 4: సర్ఫ్ నీళ్ళు (మే 31, ఆదివారం)

ఎగ్జాస్ట్ లోపల ప్రెషర్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒక్కో సిలిండర్ పొగ వదిలినప్పుడల్లా ఒక తోపు, ఆ తోపుకూ తర్వాతి తోపుకూ మధ్య చిన్న వెలితి. సందుంటే ఆ వెలితిలో బయటి గాలి లోపలికి వస్తుంది. ఐడిల్‌లో పొగ తక్కువ కాబట్టి వచ్చిన కాస్త గాలే ఎక్కువగా కనపడుతుంది. ఏసీ వేస్తే, ఆర్‌పీఎం పెంచితే పొగ పెరిగి దాని వాటా తగ్గుతుంది. మే 14న రాసుకున్న నాలుగు వరసల్లో ఉన్నది ఇదే.

పొద్దున్న చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు టక్ టక్‌మని చప్పుడు వచ్చి తగ్గిపోతుండేది. "ట్యాపెట్ సౌండండీ, మామూలే" అని ఇదివరకు ఒకరంటే నమ్మాను. అది లోహం వేడెక్కి వ్యాకోచించేదాకా సందులోంచి కొట్టే పొగ చప్పుడు.

1. బండి బయట పెట్టాను. సెల్లార్లో ఇంజన్ నడిపి పని చేయకండి, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.
2. రాత్రంతా చల్లారిన ఇంజన్. ఆపే ఉంచాలి.
3. సైలెన్సర్ చివర వాక్యూమ్ క్లీనర్ గాలి ఊదే వైపు పెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టి ఆన్ చేశాను.
4. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోట కలిపే గొట్టాలు) మీది రేకు కవరు విప్పి, ప్రతి జాయింట్ మీదా సర్ఫ్ నీళ్ళు కొట్టాను.

సెన్సార్ చుట్టూ ఏమీ లేదు. కింది ఫ్లాంజ్ (పైపుల అతుకు) దగ్గరా ఏమీ లేదు. నాలుగో సిలిండర్ దగ్గర, మ్యానిఫోల్డ్ ఇంజన్ పైభాగమైన సిలిండర్ హెడ్‌కు ఆనుకునే చోట, ముందు ఒక పెద్ద బుడగ ఉబ్బింది. అది పగిలి దాని వెనక సన్నటి నురుగు ఆగకుండా పొంగింది. తుడిచి టార్చిలైటు వేస్తే అక్కడ అల్యూమినియం మీద విసనకర్ర ఆకారంలో నల్లటి మసి, కాటుక పట్టినట్టు. పైన ఉండాల్సిన నట్టు లేదు. స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) మ్యానిఫోల్డ్ రంధ్రం లోపలే విరిగిపోయి ఉంది. మ్యానిఫోల్డ్ కొసలో ఉండే స్టడ్లకే ఈ గతి ఎక్కువ. వేడికి సాగి చల్లారి ముడుచుకునే కదలిక కొసల దగ్గరే ఎక్కువ కనుక.

తుప్పు వదిలించే ఆయిల్ (210) మిగతా నట్లన్నిటికీ కొట్టి రాత్రంతా వదిలేశాను.

ఇప్పటిదాకా ఖర్చు: 5,200

దశ 5: ఆటోనగర్ (జూన్ 1, సోమవారం)

విరిగిన స్టడ్ తీయడం ఇంట్లో అయ్యే పని కాదు. డ్రిల్లు పక్కకు జారితే హెడ్ పాడవుతుంది. సెలవు పెట్టి ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ పాత స్టడ్లు తీయడమే పనిగా చేసే మేస్త్రి ఒకాయన ఉన్నారు.

"గురువుగారూ, డ్రిల్లేమన్నా పెట్టాలా?"

"డ్రిల్లు జోలికి పోమాకండి. మ్యానిఫోల్డ్ తీస్తే ముక్క బయటికి ఉంటది, నట్టు వెల్డింగ్ చేసి లాగుదాం."

మ్యానిఫోల్డ్ తీశాక మూడు మిల్లీమీటర్ల ముక్క కనిపించింది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగెటివ్ తీయించాను, ఈసీయూ కనెక్టర్ కూడా ఊడదీయించాను. ఆయన ముక్క మీద నట్టు పెట్టి, నట్టు నడిమధ్య బొట్టులా వెల్డ్ నింపారు. ఎర్రదనం తగ్గేదాకా కదపలేదు. ఆ వేడికే లోపలి తుప్పు పట్టు వదులుతుందని చెప్పారు. తర్వాత పానా వేసి ముందుకు కొంచెం, వెనక్కు కొంచెం. మూడోసారికి కిర్రుమని తిరిగింది.

స్కేలు అంచు పెట్టి మ్యానిఫోల్డ్ ముఖం వంగిందేమో చూశాం, వంగలేదు. కొత్త గ్యాస్కెట్ (280), కొత్త స్టడ్లు, నట్లు (160), మేస్త్రికి 700. బిగింపు మధ్యలోంచి కొసలకు, రెండు విడతల్లో, మాన్యువల్లో ఉన్న టార్క్‌కు (బిగింపు బలం). నేను వాడిన అంకె ఇక్కడ రాయడం లేదు, మీ ఇంజన్ మాన్యువల్ చూసుకోండి.

ఇప్పటిదాకా ఖర్చు: 5,200 + 1,140 = 6,340

దశ 6: కొత్త కోడు (జూన్ 2)

పాత కోడు చెరిపి బయల్దేరితే పటమట దాటకముందే లైటు వెలిగింది. టెన్షన్ వచ్చింది. చూస్తే పీ0135, ముందు సెన్సార్ హీటర్ సర్క్యూట్. పీ0171లాగా కాకుండా ఈ కోడు చూపించేది ఒక వైరింగ్‌నే, కాబట్టి వెతుకులాట చిన్నది.

1. ఫ్యూజు బాగుంది.
2. కనెక్టర్ విప్పి సెన్సార్ వైపు హీటర్ రెసిస్టెన్స్ చూశాను: 7.1 ఓమ్‌లు, బాగుంది.
3. బండి వైపు కనెక్టర్లో, ఇంజన్ నడుస్తుండగా 13.9 ఓల్టులు. సరఫరా ఉంది.
4. రెండూ బాగుంటే మిగిలింది కలయిక. కనెక్టర్లో ఒక పిన్ను వెనక్కి జరిగిపోయి ఉంది. మ్యానిఫోల్డ్ తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగింది నేనే.

పిన్ను ముందుకు నెట్టి, క్లిక్కుమనేదాకా బిగించాను. వైరు వేడి రేకుకు తగలకుండా క్లిప్పు పెట్టాను. ఖర్చు లేదు, గంటన్నర పట్టింది.

దశ 7: తర్వాతి రీడింగులు (జూన్ 7 వరకు)

లాంగ్ టర్మ్ ట్రిమ్ స్థిరపడడానికి నాలుగు రోజులు మామూలుగా తిరిగాను.

- ఐడిల్: +24.3 నుంచి +7.0కి
- 2,500 ఆర్‌పీఎం: +11.7 నుంచి +7.1కి
- 60 కిలోమీటర్ల వేగం: +9.4 నుంచి +7.0కి

పొద్దుటి టక్ టక్ లేదు. ప్లగ్గులు తుడిచి వేసి అయిదు రోజుల తర్వాత చూస్తే పింగాణీ లేత గోధుమ రంగుకు తిరుగుతోంది.

సున్నాకు ఎందుకు రాలేదని మళ్ళీ విప్పడం మొదలుపెట్టలేదు, ఎందుకంటే మూడు చోట్లా అంకె ఒకటే. లీకైతే ఐడిల్‌లో ఎక్కువుండాలి, పంపైతే లోడ్‌లో ఎక్కువుండాలి. అన్నిచోట్లా సమానంగా ఉందంటే కారణం పెట్రోలులోనే ఉందనుకున్నాను. ఇథనాల్ కలవని పెట్రోలు కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న, 20 శాతం ఇథనాల్ కలిసినదానికి దాదాపు 13.5 కిలోలు చాలు, ఇథనాల్ తన ఆక్సిజన్ తానే తెచ్చుకుంటుంది కాబట్టి. అదే గాలికి లీటర్లలో ఏడెనిమిది శాతం ఎక్కువ పోయాలి. నా +7 ఇంచుమించు అంతే. పాత బండ్లున్నవాళ్ళు ఇది లెక్కలో పెట్టుకోవాలి. ఈసీయూ సవరణకున్న హద్దులో ఏడు శాతం ఇంధనమే తినేస్తోంది. ఇదివరకు చిన్న లీకుంటే లైటు వెలిగేది కాదు, ఇప్పుడు అదే లీకుకు వెలుగుతుంది.

మొత్తం ఖర్చు 6,340. అందులో లోపం సరిచేయడానికి నిజంగా పట్టింది 1,350, అడాప్టర్‌తో కలిపితే 2,200.

జూన్ 7 ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నట్లు మళ్ళీ చూశాను. ఎనిమిదింట్లో ఒకటి పావు చుట్టు తిరిగింది, మిగతావి కదల్లేదు. సర్ఫ్ నీళ్ళు ఇంకోసారి కొట్టాను, బుడగ రాలేదు. ఊళ్ళో మైలేజీ మొదటి ఫుల్ ట్యాంకుకు 15.2. పాత సెన్సార్ను గుడ్డలో చుట్టి స్పేర్‌గా డిక్కీలో పెట్టాను.